ముఖ్య ఆసనం వద్ద డెబ్బై అయిదు

నీలంపేట పురపాలక సంఘం వారు పద్నాలుగో వార్డు సామాజిక భవనంలో హోమ్ థియేటర్ పెట్టించిన ఏడాదికి, అందులో మాటలు వినపడటం లేదని అర్జీ వచ్చింది.

అర్జీ పెట్టింది గంటా వెంకాయమ్మ. జీడిపప్పు ఫ్యాక్టరీలో ముప్పై ఏళ్లు పిక్కలు కొట్టి, ఆ జీడికి వేళ్ల కొసలు నల్లబడి, మోకాళ్లు మొరాయించాక మానేసిన మనిషి. ప్రతి ఆదివారం మధ్యాహ్నం వార్డులోని ఆడవాళ్లు నలభై మంది దాకా ఆ భవనంలో జంపఖానా పరుచుకుని సినిమా చూస్తారు. పాట వస్తే చెవులు చిల్లులు పడుతున్నాయి, మాట వస్తే మూగ సినిమా అవుతోంది. ఇదీ అర్జీ సారాంశం. దాని కింద మొదటి సంతకం వెంకాయమ్మది. రెండోది, వేలిముద్ర, ఆమె తోడికోడలు సన్యాసమ్మది.

సన్యాసమ్మకు చెవుడు. సినిమా నడుస్తున్నంతసేపూ వెంకాయమ్మ మోచెయ్యి పట్టుకుని "ఏటన్నాడే?" అని అడుగుతుంది. వెంకాయమ్మ ఆమె చెవిలో చెబుతుంది. ఈ మధ్య తనకే వినపడక, "ఏటో అన్నాడులే" అని ఊరుకుంటోంది. ఆ మాట అనవలసి వచ్చినందుకే ఆవిడ అర్జీ రాయించింది.

కమిషనర్ వేదాద్రి గారు దాని మీద "పరిశీలించి పరిష్కరించండి" అని రాసి అసిస్టెంట్ ఇంజినీరు గోవర్ధనానికి పంపారు. గోవర్ధనం నూకరాజును పిలిపించాడు.

నూకరాజు బస్టాండు వెనక శ్రీ నూకాంబికా సౌండ్స్ యజమాని. పెళ్లిళ్లకు మైకులు, ఇళ్లకు హోమ్ థియేటర్లు, పాడైనవాటికి వైద్యం. పాతికేళ్లుగా చేస్తున్నది ఇదే పని. శబ్దం విషయంలో ఆయనకు ఒకటే సిద్ధాంతం ఉండేది. ఆకులో అన్నం నడుమన ఉండాలి, పచ్చడి ఓ మూల ఉండాలి. పచ్చడి అన్నమంతా పాకితే తిన్నవాడు తిట్టుకుంటూ లేస్తాడు.

సోమవారం పొద్దున్న సామాజిక భవనంలో ఆయన సంచిలోంచి టార్చిలైటంత పరికరం తీశాడు. దాని నెత్తిన నల్లటి స్పాంజి బంతి, నడుమున అంకెలు కనపడే గాజుపలక.

"ఏమిటది?" అన్నాడు గోవర్ధనం.

"సౌండు మీటరండి. ఇక్కడ అయిదు స్పీకర్లున్నాయి కదండీ, ముందు మూడు, ఎనక రెండు. ఒక్కోదాన్లోంచి 'సుయ్'మని ఒకటే శబ్దం వదుల్తామండి. మెయిన్ సీటు కాడ, చెవి ఎత్తులో ఈ మీటరెట్టి చూత్తామండి. అన్నీ డెబ్బై అయిదు డెసిబెల్స్ చూపించేలా సరిచేత్తే సరిపోద్దండి. పది నిమిషాల పని."

ఆయన జంపఖానా నడుమ బాసింపట్టు వేసుకుని కూర్చుని, మీటరు చెవి పక్కన పెట్టుకుని చూశాడు. పక్క స్పీకర్లు ఎనభై దాటి కేకలేస్తున్నాయి. మాటలు పలికే నడిమి స్పీకరు అరవై ఆరు దగ్గర ముక్కుతోంది. జబ్బు తెలిసింది. నూకరాజు రిమోటు తీసి నడిమి స్పీకరును ఒక నొక్కు పెంచాడు. ఇంకో ఎనిమిది నొక్కులు నొక్కి, పక్కవాటిని కాస్త తగ్గించి ఉంటే ఈ కథ అక్కడితో అయిపోయేది.

"ఆగు!" అన్నాడు గోవర్ధనం. "ఎక్కడ సీటు అన్నావ్?"

"మెయిన్ సీటండి. ముఖ్యమైన సీటు."

"ముఖ్య ఆసనం జంపఖానా మీద ఉంటుందా? పురపాలక సంఘం వారి భవనంలో ముఖ్య ఆసనం ఎవరిదో నేను నీకు చెప్పాలా? ఎవరి ఉత్తర్వుల మీద అక్కడ కూర్చున్నావ్? లే ముందు."

నూకరాజు లేచాడు. నొక్కిన ఒక్క నొక్కును కూడా వెనక్కి తగ్గించమన్నాడు గోవర్ధనం. అనుమతి లేని పెంపుదల అన్నాడు.

మర్నాడు కమిషనర్ గారి గదిలో సమావేశం జరిగింది. వేదాద్రి గారు మంచివారు. అంకెలంటే ఆయనకు ప్రాణం. ఊళ్లో దోమలు పెరిగాయని ఎవరైనా అంటే "ఎన్ని?" అని అడిగేవారు. చెప్పలేకపోతే ఆ ఫిర్యాదు మూసేసేవారు. నూకరాజు చెప్పిందంతా విని, ఆయన ముఖం పున్నమి చంద్రుడిలా వెలిగిపోయింది.

"చూశారా గోవర్ధనం గారూ, వినపడటం, వినపడకపోవటం అనేవి ఎవరికి వారి అభిప్రాయాలు. డెబ్బై అయిదు అనేది పరిపాలన. ఇన్నాళ్లకు ఒక సమస్యకు అంకె దొరికింది. ఇక ముఖ్య ఆసనం విషయం. ఆ భవనంలో నేను ఎక్కడ కూర్చుంటాను?"

"వేదిక మీద, సార్. మధ్య కుర్చీ."

"అయితే అదే."

నూకరాజు నెమ్మదిగా అన్నాడు. "తమరు వేదిక మీద జనం వైపు తిరిగి కూర్చుంటారండి. తెర తమరి ఎనకుంటదండి. ముందు స్పీకర్లు వేదిక అంచున, జనం వైపు తిరిగుంటాయండి. మరక్కడ కూర్చుంటే బొమ్మ కనపడదు కదండీ."

"ముఖ్య అతిథి బొమ్మ చూసే ఆనవాయితీ ఎక్కడా లేదు," అన్నాడు గోవర్ధనం.

చెవి ఎత్తు కొలవటానికి టేపు తెప్పించారు. వేదాద్రి గారు కుర్చీలో నిటారుగా కూర్చున్నారు. ఏ చెవి అన్న ప్రశ్న వచ్చింది. ఎడమ చెవి పై అధికారుల ఫోన్లకు కేటాయించాను కాబట్టి కుడి చెవి అని ఆయనే తేల్చారు. మూడడుగుల పదకొండు అంగుళాలు అని మినిట్స్‌లో రాశారు. కమిషనర్లు బదిలీ అయినప్పుడల్లా కొత్తవారి చెవి కొలిచి ఎత్తు సవరించాలని కూడా రాశారు.

తరవాత మీటరు మీద ఉన్న మీటలు చూశారు. ఒక మీట మీద 'ఎ', 'సి' అని ఉంది. ఇటువంటి కొలతకు 'సి'లో పెట్టాలన్నాడు నూకరాజు.

"మనది మొదటి శ్రేణి పురపాలక సంఘం," అన్నారు వేదాద్రి గారు, కొంచెం నొచ్చుకుని. "సి అనే అక్షరం మన భవనంలో ఎలా కనపడుతుందయ్యా? ఎ లో పెట్టండి."

రెండో మీట మీద 'ఫాస్ట్', 'స్లో' అని ఉంది. 'స్లో'లో పెట్టాలన్నాడు నూకరాజు. దానికి మాత్రం ఎవరూ అభ్యంతరం చెప్పలేదు.

ఆ ఆదివారం ఆడవాళ్లు ఎప్పటిలాగే జంపఖానా మీద చేరారు. వేదిక మీద మధ్య కుర్చీకి తువ్వాలు కప్పారు. కుడి చెవి ఉండవలసిన చోట మీటరును స్టాండుకు బిగించారు. స్పీకర్ల వెనక ఉన్న ఆ కుర్చీ దగ్గర డెబ్బై అయిదు రావాలంటే, ముందున్న జనానికి నూటికి పైగా వదలాలి. నూకరాజు ఆ సంగతి రెండుసార్లు మనవి చేశాడు. "మనవి నమోదు చేసుకున్నాం, కానివ్వు" అన్నాడు గోవర్ధనం.

సినిమా మొదలైంది. హీరో తలుపు తీస్తే పిడుగు పడినట్టయింది. పసిపిల్ల ఏడిస్తే కిటికీ అద్దాలు గలగలమన్నాయి. ఆడవాళ్లు కొంగులు చెవుల్లో కుక్కుకుని గోడల దగ్గరికి జరిగారు. నడుమ సన్యాసమ్మ ఒక్కతే మిగిలింది. ఆవిడ నోరు తెరుచుకుని తెర వైపు చూస్తోంది. కళ్లంట నీళ్లు.

"ఒలే యెంకీ!" అని అరిచింది. "ఆడు 'వదినా, అన్నం పెట్టు' అన్నాడే! నాకినపడిందే!"

పదేళ్లలో ఆవిడ విన్న మొదటి డైలాగు అది. వెంకాయమ్మకు చెవులు పోటెత్తుతున్నా, కొంగు తీసేసి వచ్చి ఆవిడ పక్కన కూర్చుంది.

పది నిమిషాలకు గోవర్ధనం చెయ్యెత్తి సినిమా ఆపించాడు. మీటరు దగ్గర నిలబడి అంకెలు రాసుకుంటున్న మనిషి ముఖం కందగడ్డలా ఉంది.

"నలభై ఎనిమిది. తొంభై ఏడు. అరవై. ఎనభై తొమ్మిది. ఏమిటిది? మంజూరైంది డెబ్బై అయిదు కదా. తొంభై ఏడు ఎవరి అనుమతితో వెళ్లింది?"

"సినిమా కదండీ," అన్నాడు నూకరాజు. "మనిషి మెల్లగా మాటాడతాడు, కోపమొత్తే అరుత్తాడు. అది అలాగే ఉంటదండి. మనం సమం చేసేది స్పీకర్లనండి, మనుషుల్ని కాదు."

"అంటే పురపాలక సంఘం భవనంలో మంజూరైన స్థాయికి మించి కోపం ప్రదర్శిస్తున్నారన్నమాట."

సోమవారం ఉత్తర్వు వచ్చింది. "చలనచిత్రములయందు శబ్దస్థాయి ఇష్టానుసారముగా హెచ్చుతగ్గులకు లోనగుచున్నందున, అట్టివాని ప్రదర్శనను తదుపరి ఉత్తర్వుల వరకు నిలుపుదల చేయడమైనది. నిలకడగల ఏకైక శబ్దమైన పరీక్షా శబ్దమును మాత్రమే ప్రదర్శించవలెను." హాజరు యాభై శాతానికి తగ్గకూడదని కింద ఒక గమనిక.

అందుచేత మరుసటి ఆదివారం ఆడవాళ్లు నల్లటి తెర ముందు కూర్చుని గంటన్నర సేపు 'సుయ్' మనే శబ్దం విన్నారు. సగం మంది చింతపండులో గింజలు తీస్తూ కూర్చున్నారు. ఒకావిడ కునుకు తీసింది. "పాము బుస కొట్టినట్టుంది బాబూ," అంది వెంకాయమ్మ, నూకరాజుతో. "పామెప్పుడొత్తాది?"

ఆయన మళ్లీ మీటరు వైపు తిరిగాడు.

ఈ శబ్దంలోనూ ఒక చిక్కు వచ్చిపడింది. డెబ్బై అయిదు మీద నిలబడిన అంకె ఉండి ఉండి డెబ్బై ఆరు, డెబ్బై ఏడు అవుతోంది. బయటి చప్పుళ్లు లోపలికి వచ్చి కలుస్తున్నాయి. 'సుయ్' ఆపి చూస్తే, ఎవరూ లేని గదిలో మీటరు యాభై రెండు చూపించింది.

"ఈ యాభై రెండు ఎవరిది?" అని అడిగారు వేదాద్రి గారు.

ఎవరిదో కనుక్కోవటానికి ప్రయత్నం మొదలైంది. భవనం చుట్టూ రెండు వందల గజాల మేర నిశ్శబ్ద మండలంగా ప్రకటించారు. లోపలి అంకె నలభై దాటకూడదు. నూకరాజుకు గౌరవ శబ్ద పరిశీలకుడని పేరుపెట్టి, మెడలో ఫోటో ఉన్న గుర్తింపు కార్డు వేశారు. అబద్ధమెందుకు, మొదటి రోజు ఆయనకు కొంచెం గర్వంగానే అనిపించింది. పాతికేళ్లలో ఆయన పనిని ఎవరూ గౌరవం అనలేదు మరి. అద్దంలో ఆ కార్డు చూసుకుని కాలరు సరిచేసుకున్నాడు కూడా.

పిండిమర ఆపించారు. ఎలిమెంటరీ స్కూల్లో ఎక్కాలు మనసులో చదవాలన్నారు. టీకొట్టు అప్పలస్వామి గాజుగ్లాసులో చెంచా తిప్పకూడదు, చక్కెర దానంతటదే కరగాలి. చెత్తబండి మీద పాట వాయిస్తూ తిరుగుతున్నందుకు పురపాలక సంఘం తనకు తానే నోటీసు ఇచ్చుకుని, జవాబు ఇవ్వటానికి తననే పదిహేను రోజులు గడువు అడిగి, దయతో మంజూరు చేసుకుంది. కాకులకు నోటీసు అందజేసే విధానం ఏదీ లేనందున ఆ విషయం పై అధికారులకు నివేదించారు.

అంకె యాభై రెండు నించి నలభై ఆరుకు దిగింది.

నూకరాజు వీధిలో నడుస్తుంటే జనం మాటలు ఆపేసేవారు. అప్పలస్వామి టీ ఇచ్చేవాడు గాని పలకరించేవాడు కాదు. ఓ రోజు ఆయన "ఏం బావా, కోపమా?" అంటే, అప్పలస్వామి మెడలో కార్డు వైపు చూపించి, నోటి మీద వేలేసుకున్నాడు. ఊరికి శబ్దం పంచి బతికిన మనిషి వెనక ఊరు నోరు కట్టుకుని నడుస్తోంది. ఆ పూట టీ సగంలోనే వదిలేసి వచ్చాడు.

శుక్రవారం ప్రాంతీయ సంచాలకులు గారి తనిఖీ ఉందనగా, గురువారం తెల్లవారుజామున సన్యాసమ్మ పోయింది. జబ్బేమీ లేదు. నిద్రలోనే వెళ్లిపోయింది.

వాళ్ల ఇల్లు సామాజిక భవనం వెనక గోడను ఆనుకునే ఉంది. తొమ్మిది గంటలకల్లా పాలెం నించి ఆవిడ కూతురు లక్ష్మమ్మ వచ్చి, గుమ్మంలోనే చతికిలబడి గొల్లుమంది. భవనంలో మీటరు నలభై ఆరు నించి ఒక్కసారిగా అరవై ఎనిమిదికి లేచింది. గోవర్ధనం కుర్చీలోంచి లేచాడు.

"పద," అన్నాడు. "మీటరు తీసుకో."

"అక్కడ మనిషి పోయిందండి," అన్నాడు నూకరాజు.

"అందుకే మర్యాదగా చెబుదాం."

పెంకుటింటి ముందు ఆడవాళ్లు శవం చుట్టూ కూర్చుని ఉన్నారు. గోవర్ధనం చెప్పులు విడిచి, చేతులు కట్టుకుని, ఫైలు చంకలో పెట్టుకుని మొదలుపెట్టాడు.

"అమ్మా, మీ విచారములో పురపాలక సంఘం కూడా పాలుపంచుకొంటున్నది. అయితే సదరు విచారము నిశ్శబ్ద మండల పరిధిలో జరుగుతున్నది. నలభైకి లోబడి ఏడ్చుకోవటానికి ఎటువంటి అభ్యంతరము లేదు. అంతకు మించిన పక్షంలో రేపు సాయంత్రం తనిఖీ ముగిసే వరకు ఏడుపు వాయిదా వేసుకోవలసిందిగా కోరుతున్నాము."

లక్ష్మమ్మకు ఏమీ అర్థం కాలేదు. ఏడుపు ఆపి అటూ ఇటూ చూసి, మళ్లీ అందుకుంది. వెంకాయమ్మ మోకాలి మీద చెయ్యి ఆన్చి లేచి నిలబడింది.

"వాయిదా ఏటి బాబూ? పీనుగుని గూడా శనోరం దాకా లెగొద్దని సెప్పీమంటావా?"

"అలా అపార్థం చేసుకోకండి. ఇది కేవలం కొలతకు సంబంధించిన..."

ఆవిడ ఆయన్ని వదిలేసి నూకరాజు వైపు తిరిగింది. కేకలు వెయ్యలేదు. ఆవిడ గొంతు చాలా తక్కువగా ఉంది. ఏ మీటరుకైనా నలభైకి లోపే తగిలేది.

"నూకరాజూ, మేం నిన్నేటడిగినాం? మాటలు ఇనపడేట్టు సెయ్యమన్నాం. ఇది పదేళ్లకి ఓ మాట ఇన్నాది. వదినా అన్నం పెట్టు అని. ఇంటికొచ్చి రెండ్రోజులు అదే సెప్పుకుంది. మళ్లీ ఆదోరం ఇంటానంది. మీరు దానికి పాము బుస ఇనిపించినారు. ఇంకిది ఇనదు. ఇప్పుడు కూతురేడుపు గూడా కొలవడానికొచ్చినావా నాయనా?"

నూకరాజు మెడలో కార్డు బొడ్డు దగ్గర వేలాడుతోంది. దాన్ని చొక్కా లోపలికి తోసుకున్నాడు. ఆ నిమిషంలో ఆయనకు ఇంటికి పారిపోవాలనిపించింది. పారిపోతే గోవర్ధనం మీటరు తానే పట్టుకుంటాడు. తొంభై చూపిస్తుంది. నోటీసు గోడకు అంటిస్తాడు.

"మీటరు ఓ పాలి సరిచూసుకుని వత్తానండి," అని భవనంలోకి నడిచాడు.

లోపల సామాన్ల గది ఉంది. కిటికీ లేదు, పాత పరుపులు కుక్కి ఉంటాయి. ఆయన తలుపు వేసుకుని, పరుపుల నడుమ మీటరు పెట్టి ఊపిరి బిగబట్టాడు. అంకె దిగి దిగి ముప్పై ఎనిమిదికి వచ్చింది. మీటరు పక్కన 'హోల్డ్' అని చిన్న మీట ఉంటుంది. చూసిన అంకె రాసుకునే దాకా కదలకుండా పట్టి ఉంచటానికి. పాతికేళ్లలో నూకరాజు దాన్ని దొంగ పనికి వాడలేదు. ఇప్పుడు బొటనవేలితో నొక్కాడు.

తిరిగి వచ్చేసరికి అంత్యక్రియలకు ఇంకో పదిమంది చుట్టాలు దిగారు. ఆడవాళ్లందరూ ఒక్కసారిగా ఎత్తుకున్నారు. పెంకుల మీది పిల్లి దూకి పారిపోయింది. నూకరాజు మీటరును శవం తలవైపు దీపం దగ్గర పట్టుకున్నాడు.

"ఎంత?" అని అరిచాడు గోవర్ధనం.

"ముప్పై ఎనిమిదండి."

"ఏమిటీ? గట్టిగా చెప్పవయ్యా, ఈ గోలలో ఏమీ వినపడటం లేదు!"

"ముప్పై ఎనిమిదండీ!" నూకరాజు ఆయన చెవిలో నోరుపెట్టి అరిచాడు.

గోవర్ధనం వంగి అంకె చూశాడు. కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చూశాడు. ఆయన ముఖంలోని ముడతలన్నీ విడిపోయాయి. ఫైలు తీసి, "ముప్పై ఎనిమిది. పరిమితికి లోబడి ఉన్నది" అని రాసుకున్నాడు. తరవాత చెవులు రెండూ చేతులతో మూసుకుని, లక్ష్మమ్మ వైపు తిరిగి, ఎంతో దయగా, "మీరు ఏడవచ్చమ్మా," అన్నాడు.

నూకరాజు ఆ మనిషిని అలా చూస్తూ నిలబడ్డాడు. ఇంత దగ్గర ఇంత ఏడుపు ఉన్నా అంకెనే నమ్మారంటే, వీళ్లు వినేది చెవులతో కాదు. ఈ ఊళ్లో అందరి కంటే చెవుడు ఎవరికో ఆయనకు ఆ పూట తెలిసింది.

పాడె లేచాక శ్మశానం దాకా వెళ్లి స్నానం చేసి వచ్చి, సాయంత్రం భవనం తాళం తీశాడు. వేదిక మీద కుర్చీ పక్కన మీటరు బిగించి, 'సుయ్' వదిలాడు. అంకె డెబ్బై నాలుగు, డెబ్బై ఆరు, డెబ్బై నాలుగు అని ఊగి ఊగి, ఒక్క క్షణం డెబ్బై అయిదు మీద ఆగింది. నొక్కేశాడు. దుమ్ము పడకుండానని చెప్పి దాని మీద గాజుపెట్టె ఒకటి బోర్లించాడు.

శుక్రవారం ప్రాంతీయ సంచాలకులు గారు వచ్చారు. మీటరు డెబ్బై అయిదు. 'సుయ్' ఆపినా డెబ్బై అయిదు. తలుపు తీసినా డెబ్బై అయిదు. చెత్తబండి పాట పాడుకుంటూ కిటికీ పక్కనించి వెళ్లినా డెబ్బై అయిదు.

"అద్భుతం," అన్నారు సంచాలకులు గారు. "ఇంత స్థిరమైన పరిపాలన నేనెక్కడా చూడలేదు. సినిమా వేసి చూశారా?"

సినిమా వేశారు. హీరో గుసగుసలాడాడు, విలన్ గర్జించాడు, గుర్రాలు పరిగెత్తాయి. డెబ్బై అయిదు.

"చలనచిత్రం క్రమశిక్షణలోకి వచ్చినది సార్," అన్నాడు గోవర్ధనం.

సినిమాల మీద నిషేధం ఆ సాయంత్రమే ఎత్తేశారు. బయట ఎంత చప్పుడైనా అంకె కదలటం లేదు కాబట్టి నిశ్శబ్ద మండలం అవసరం లేదన్నారు. పిండిమర తిరిగింది. అప్పలస్వామి ఒకే గ్లాసులో చెంచా పావుగంట సేపు తిప్పాడు, తాగేవాడు లేకపోయినా.

ఆదివారం అధికారులెవరూ రాలేదు. నూకరాజు జంపఖానా నడుమ ఆడవాళ్ల మధ్య కూర్చున్నాడు. మీటరు గాజుపెట్టెలో చిక్కుకుంది కాబట్టి తన చెవులే దిక్కు. "ఇలాగైతే ఇనపడతందా అమ్మా? ఇప్పుడో? గోడ దగ్గరున్నోళ్లకి?" అని అడుగుతూ నడిమి స్పీకరు పెంచాడు, పక్కవి తగ్గించాడు, మూలన దడదడలాడే బాస్ పెట్టెను బుజ్జగించాడు. పది నిమిషాలు కూడా పట్టలేదు. ఆ పని చేస్తూ ఉంటే ఆయనకు ఒక ఆడపిల్లను అత్తారింటికి పంపినంత సంతోషమూ, ఓ మనిషికి ఆలస్యంగా చేశానన్న దిగులూ కలిసి వచ్చాయి.

ఆ పైన శనివారం శనివారం వచ్చి, మీటరుకు కొత్త బ్యాటరీ వేసి, మళ్లీ డెబ్బై అయిదు దగ్గర పట్టి వెళ్లేవాడు. మూడో శనివారం వస్తే గాజుపెట్టెకు లక్క సీలు వేసి ఉంది. నాలుగు పురపాలక సంఘాల కమిషనర్లు మర్నాడు ఈ విధానం చూసి నేర్చుకోవటానికి వస్తున్నారనీ, ఎవరూ ముట్టుకోకుండా సీలు వేయించాననీ గోవర్ధనం చెప్పాడు. నూకరాజు తెచ్చిన కొత్త బ్యాటరీని జేబులోనే ఉంచుకుని వెనక్కి తిరిగాడు.

ఆదివారం హాస్య సినిమా వేశారు. కర్మ ముగించుకుని వెంకాయమ్మ వచ్చింది. మొదటి డైలాగు వినపడగానే అలవాటుగా పక్కకు వంగి, నోరు తెరిచి, అక్కడ ఎవరూ లేకపోవటం చూసి నిటారుగా కూర్చుంది. కాసేపటికి తెర మీద పెళ్లికొడుకు పెరుగు కుండలో పడ్డాడు. ఆవిడ ముందు ముక్కుతో నవ్వింది, తరవాత కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. చివరికి కొంగు వదిలేసి ఒళ్లంతా ఊగేలా నవ్వింది. నలభై మంది ఆడవాళ్లు నేల చరుస్తూ నవ్వుతున్నారు.

సరిగ్గా అప్పుడే అయిదుగురు కమిషనర్లు వేదిక మీదికి వచ్చారు. గోవర్ధనం గాజుపెట్టె మీద కప్పిన పట్టుగుడ్డ తీశాడు.

పలక మీద అంకె లేదు. బ్యాటరీ అయిపోయింది.

గోవర్ధనం వంగి చూశాడు. పక్కనించి చూశాడు. వేలితో గాజు మీద తట్టాడు. నుదుటి మీద చెమట తుడుచుకుని ఒక నిమిషం ఆలోచించాడు. మెల్లగా ఆయన ముఖం వెలగటం మొదలైంది.

"సార్!" అని అరిచాడు. "అంకె పూర్తిగా లయమైపోయింది సార్!"

"ఏమిటీ?" వేదాద్రి గారు కుడి చెవికి అరచెయ్యి ఆన్చి అరిచారు. నవ్వుల హోరులో ఆయనకు ముక్క కూడా వినపడలేదు.

"శబ్దం శూన్యం సార్! సంపూర్ణ నిశ్శబ్దం! సాధించేశాం!"

వేదాద్రి గారు పెట్టె దగ్గరికి వచ్చి చూశారు. ఖాళీగా, నున్నగా మెరుస్తోంది గాజుపలక. ఆయన కళ్లు చెమర్చాయి. వచ్చిన నలుగురినీ ఒక్కొక్కరుగా పిలిచి చూపించారు. వాళ్లు చూసి, తలలు పంకించి, పుస్తకాలు తీసి రాసుకున్నారు. తెర మీద పెళ్లికొడుకు రెండోసారి కుండలో పడ్డాడు. కప్పు ఎగిరిపోయేలా నవ్వులు లేచాయి.

వేదాద్రి గారు పెదవుల మీద వేలేసుకుని అతిథులకు సైగ చేశారు. అయిదుగురూ చెప్పులు విప్పి చేతుల్లో పట్టుకుని, ఆ నిశ్శబ్దానికి భంగం కలగకుండా, మునివేళ్ల మీద నడుచుకుంటూ బయటికి వెళ్లిపోయారు.